మధ్యలో ఇరుక్కున్న మోకాలు

సైకిల్ ప్రపంచంలో ‘క్లిప్‌లెస్ పెడల్’ అంత తమాషా పేరు ఇంకోటి ఉండదేమో. పేరులో క్లిప్ లేదు, కాలు పెడితే మాత్రం టక్కున పట్టేసుకుంటుంది! పాత పెడల్స్‌కి బోను లాంటి టో క్లిప్, తోలు పట్టీ ఉండేవి. అవి పోయాయి కాబట్టి ఆ పేరు. స్కీ బైండింగులు చేసే ఫ్రెంచ్ కంపెనీ లుక్ 1984లో ఈ రకం రోడ్ పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాదే బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు.

ఆ పెడల్ పట్టుకునేది షూ అడుగున మూడు బోల్టులతో బిగించే చిన్న ప్లాస్టిక్ ముక్కని. అదే క్లీట్. దాన్ని ఎక్కడ బిగించాలన్నదే అసలు గొడవ.

నా షూస్ రేసులు తొక్కే ఒక సీనియర్ అన్న దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. అన్న కాలికి సెట్ చేసిన ఎర్ర క్లీట్లతో సహా వచ్చాయి. షిమానో రోడ్ క్లీట్లలో ఎరుపంటే ఫ్లోట్ సున్నా, అంటే పాదం పక్కకి అస్సలు తిరగదు. నీలానికి 2 డిగ్రీలు, పసుపుకి 6. అన్నవి తిన్నటి పాదాలు. నా ఎడమ పాదం నడిచేటప్పుడే కాస్త బయటికి తిరిగి ఉంటుంది. “సరిగ్గా నడువురా” అని అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. నలభై కిలోమీటర్లు దాటితే చాలు, ఎడమ మోకాలి బయటివైపు సూది గుచ్చినట్టుండేది. అప్పటికే 200 కిలోమీటర్ల బ్రెవేకి పేరిచ్చేశాను. 13న్నర గంటల్లో పూర్తి చెయ్యాలి.

మెకానిక్స్ భాషలో చూస్తే విషయం సింపుల్. పైన తుంటి సీటు మీద కుదురుగా ఉంది, కింద పాదం పెడల్‌కి లాక్ అయింది. ఎక్కడ తేడా వచ్చినా సర్దుకోవాల్సింది మధ్యలో ఉన్న మోకాలే. నిమిషానికి 90 చొప్పున తొక్కితే గంటకి 5,400 సార్లు సర్దుకోవాలి పాపం.

అందుకే పసుపు క్లీట్లు కొని మొదటి నుంచి మొదలుపెట్టాను. షూ వేసుకుని, బొటనవేలి వెనకున్న ఎముక బుడిపె, చిటికెనవేలి వెనకున్న బుడిపె తడిమి చూసి, రెండుచోట్లా మార్కర్‌తో గీత పెట్టాను. పెడల్ ఇరుసు ఆ రెండు గీతల మధ్యకి రావాలి. ఇంకాస్త వెనక్కి జరిపితే చీలమండకీ ఇరుసుకీ దూరం తగ్గి పిక్కకి పని తగ్గుతుంది, లాంగ్ రైడ్‌కి హాయి. తర్వాత టేబుల్ అంచున కూర్చుని కాళ్ళు వేలాడదీసి, పాదాలు ఎటు తిరుగుతున్నాయో చూసి ఆ కోణంలోనే బిగించాను. రెండు మూడు రైడ్లు తొక్కాక ఒక మిల్లీమీటరు, మళ్ళీ ఇంకోటి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలీదు కదా!

బ్రెవే 12 గంటల 50 నిమిషాల్లో అయిపోయింది. తొడలు అరిచాయి, మెడ అరిచింది, మోకాలు మాత్రం కిక్కురుమనలేదు.

ఇప్పుడు నా షూస్ తిరగేసి చూసినవాళ్ళు “ఎడమ క్లీట్ వంకరగా ఉందిరా” అంటారు. ఉండనీ. నా కాలే అంత.