ఊరికే రెండు రాత్రులు

మా బ్యాంకులో ఏ అప్పు దరఖాస్తు చూసినా అందులో 'ప్రయోజనం' అని ఒక గడి ఉంటుంది. ఆవులు కొనడానికో, బోరు వేయడానికో, బిడ్డ చదువుకో, ఏదో ఒకటి రాయాలి. ఊరికే కావాలంటే ఎవరూ ఇవ్వరు. ముప్ఫై ఏళ్లుగా ఆ గడిని చూసి చూసి కాబోలు, సముద్రం ఒడ్డున గది తీసుకుని రెండు రాత్రులు ఉండి వద్దామన్న మాట మా ఇంట్లో వచ్చినప్పుడు, కాగితం తీసి నేను మొదట రాసింది ఆ మాటే. దాని ఎదుట ఏం రాయాలో తోచలేదు.

కోరిక మా అమ్మది. ఆమెకు ఇప్పుడు 82. "ఒగ రేయి సముద్రం పక్కన పండుకోవాల నాయినా. దేవుడికి గాదు, దేనికీ గాదు. ఊరికే" అంది.

మేముండేది తిరుత్తణి, నేను పనిచేసే శాఖ తిరువళ్లూరు. మా జిల్లాకు సముద్రం లేకపోలేదు. పులికాట్, అంటే మన వాళ్ల ప్రళయ కావేరి, కొంత మా జిల్లాలోదే. మద్రాసు సరేసరి, లోకల్ బండెక్కితే చాలు. అయినా అమ్మ తన జన్మలో సముద్రాన్ని చూసింది మూడంటే మూడుసార్లు. పెళ్లయిన కొత్తలో మా నాయిన ఆమెను మెరీనాకు తీసుకుపోయాడు. ఎండ చల్లబడి గాలి మొదలయ్యే వేళకు "లే, ఆఖరి బండి పోతుంది" అని లేవదీశాడట. రెండోసారి తిరుచెందూరు. కొండ మీది మా మురుగన్‌కూ ఒడ్డు మీది ఆ మురుగన్‌కూ మొక్కు ఒక్కటే కనక, బస్సు మాట్లాడుకుని ఊరంతా పోయారు. ఒక మునక, ఒక దర్శనం, మళ్లీ బస్సు. మూడోసారి మా నాయిన అస్థికలు కలపడానికి. అప్పుడు ఆమె నీళ్ల వైపు చూసిందో లేదో నాకు తెలీదు. ఎప్పుడు పోయినా ఏదో ఒక పని మీదే, తిరుగు బండి టైము చూసుకుంటూనే.

ఇప్పుడే ఎందుకన్నదానికి కారణం ఉంది. అమ్మకు వినికిడి తగ్గుతోంది. పరీక్ష చేసిన డాక్టరు, వయసుతో వచ్చే చెవుడులో సన్నటి శబ్దాలు ముందు పోతాయి, మందరంగా ఉండే శబ్దాలు ఇంకొన్నాళ్లు ఉంటాయి అని చెప్పాడు. మనవరాలు ఫోనులో మాట్లాడేది ఆమెకు అందడం లేదు గానీ, రాత్రిపూట గూడ్సు బండి పోతే "ఎన్ని పెట్టెలో" అంటుంది. సముద్రపు హోరు ఆ రెండో రకం శబ్దమేనని నాకు ఆ ఆస్పత్రి మెట్లు దిగుతుండగా తట్టింది. ఎన్నాళ్లుంటుందో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు.

పద్దు విషయానికి వస్తాను. మొత్తం 15,000 దాటకూడదని గీత గీసుకున్నాను. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి "నేను బుక్ చేస్తా నాన్నా, పెద్ద రిసార్టులో" అంది. ఆ గది ఒక రాత్రి అద్దె చెప్పగానే అమ్మ "అంత దుడ్డు పోస్తే నాకు నిద్ర పడుతుందా" అని తేల్చేసింది. మాట నిజమే. ఖరీదైన గదిలో మనలాంటి వాళ్లు సముద్రాన్ని కాదు, గడియారాన్ని చూస్తూ కూర్చుంటారు.

ప్రకటనల్లో 'ట్రాపికల్ బీచ్ హాలిడే' అని వేస్తారు. ఉష్ణమండలం అంటే ఏదో దేశాంతరం అనిపిస్తుంది, కొబ్బరిచెట్టు బొమ్మ చూస్తే. మన తిరుత్తణి భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలో ఉంది. చలిదేశాల వాళ్లు అప్పు చేసి వచ్చి పడుకునే ఎండలో మనం రోజూ ఏడింటి బండి కోసం నిలబడుతున్నాం.

తిరువళ్లూరు పోయే ఆ బండిలోనే ఈ ప్రణాళిక మీద చర్చ జరిగింది. నలుగురు బ్యాంకు వాళ్లు చేరితే మొదట వచ్చేది ఎల్.ఎఫ్.సి. నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ప్రయాణపు చార్జీ బ్యాంకు ఇస్తుంది, బస మనది. "దాన్ని రెండు వందల మైళ్లకు ఖర్చు పెడతారా సార్? అండమాన్ పోండి" అన్నాడు ఒక మిత్రుడు. మా వాళ్లలో ఇదొక జబ్బు. చూడాలనుకున్న ఊరికి పోరు, చార్జీ ఎంతదాకా వస్తే అంతదాకా పోతారు. ఢిల్లీకని బయల్దేరి కౌలాలంపూర్, సింగపూర్ చుట్టి మదురైకి తిరిగొచ్చిన ఒక ఉద్యోగి కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. విదేశం కలిసిన ప్రయాణానికి పన్ను మినహాయింపు లేదని 2022 నవంబరులో తీర్పొచ్చింది. ఇక హాలిడే హోముల అద్దె నామమాత్రమే గానీ, నేను విచారించినవి బజారు మధ్యన ఉన్నాయి. మంచం మీద పడుకుంటే సముద్రం కాదు, ఆటో హారన్లు వినిపిస్తాయి.

తర్వాత హోటళ్ల భాష నేర్చుకోవలసి వచ్చింది. 'బీచ్ ఫ్రంట్' అంటే తలుపు తీస్తే ఇసుక ఉండాలి. 'సీ వ్యూ' అంటే కిటికీలోంచి ఎక్కడో నీలం గీత కనిపిస్తే చాలు. 'సీ సైడ్' అంటే ఆ దిక్కున ఉంది అని మాత్రమే. 'బీచ్‌కు అయిదు నిమిషాలు' అన్నదాన్ని మరీ జాగ్రత్తగా చదవాలి. ఎవరి నడకకు అయిదు నిమిషాలు? ఒకప్పుడు ఆడికృత్తికకు మా కొండ 365 మెట్లూ ఆగకుండా ఎక్కిన మా అమ్మ ఇప్పుడు వీధి చివర దాకా పోవడానికి పది నిమిషాలు తీసుకుంటుంది. తాకట్టు పత్రాలు చదివే అలవాటు ఇక్కడ పనికొచ్చింది. పెద్ద అక్షరాలు వదిలి చిన్న అక్షరాలు చదివాను.

ఒడ్డు మీది గది ఎందుకంత ప్రియం అన్నదానికి కొంత జవాబు చట్టంలో ఉంది. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన తెచ్చింది. పోటు నీళ్లు వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఆంక్షలు పెట్టింది. పల్లెల తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కూడదంది. 2019లో జనం ఒత్తుగా ఉన్న పల్లెలకు ఆ 200ను 50కి తగ్గించారు. కాబట్టి నీళ్లకు మరీ దగ్గరగా ఉన్న గదులు తక్కువ, ఉన్నవాటికి గిరాకీ ఎక్కువ. ఆ నియమం వల్ల నా జేబుకు నష్టమే అయినా, నాకది మంచిదనే అనిపిస్తుంది. 2004 డిసెంబరు 26 ఉదయం చూసిన తీరం మనది.

మూడు ఊళ్లు కాగితం మీదికెక్కాయి. పులికాట్ దగ్గర. డచ్చివాళ్లు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్లు, వాళ్ల సమాధులు, కొంగలు, అన్నీ చూడదగ్గవే. కానీ అది పగలు పోయి సాయంత్రానికి తిరిగొచ్చే చోటు. పైగా 2011 డిసెంబరు 25న అక్కడ పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు, ఆ మాట ఎత్తితేనే మా ఆవిడ వద్దంది. మహాబలిపురంలో అన్ని ధరల గదులూ ఉన్నాయి. కంచి, చెంగల్పట్టు మీదుగా పోవచ్చు. అదే ఖాయం చేసేవాణ్ణి. ఇంతలో మూడోది, బాపట్ల పక్కన సూర్యలంక, అమ్మ చెవిన పడింది.

"బాపట్లనా? మీ నాయిన చెప్పే ఊరు గదా" అంది.

మా నాయిన తెలుగు పంతులు. తిరుత్తణి ఆయన కళ్లముందే చిత్తూరు జిల్లా నుంచి చెంగల్పట్టు జిల్లాలోకి వచ్చింది, 1960 ఏప్రిల్ 1న. ఇల్లు అదే, వీధి అదే, బడిలో పటం మాత్రం మారింది. ఆయన కోపం ఎవరి మీదా చూపలేదు గానీ, 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగిందని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవాడు. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం కావాలన్న మాటకు ఊపు వచ్చిన ఊరు అది, దాన్ని చూడాలి అనేవాడు. చూడలేదు. సెలవులుండేవి, దుడ్లుండేవి కావు. దుడ్లున్నప్పుడు ఆరోగ్యం లేదు.

దాంతో మహాబలిపురం కొట్టేశాను. రేణిగుంటలో బండి మారి గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా బాపట్ల. అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఆటో. మునుపు రైల్లో ముసలివాళ్లకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, కాబట్టి అమ్మకూ నిండు టిక్కెట్టే. కింది బెర్తు మాత్రం అడిగి తీసుకోవచ్చు.

ఎప్పుడు పోవాలన్నదానికి ఎక్కువ సేపు పట్టలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపానులు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా రద్దీ. మార్చిలో బ్యాంకు వాడు సముద్రం పేరెత్తకూడదు. మే నెల ఎండకు అమ్మ ఆగదు. మిగిలింది ఫిబ్రవరి. శని ఆదివారాలు అద్దె ఎక్కువ, గోల ఎక్కువ, అందుకని మధ్యవారంలో సెలవు పెట్టాను. పౌర్ణమి రోజున అక్కడ స్నానాలకు జనం వస్తారేమోనని, అది దాటాక మంగళ, బుధవారాలు ఎంచుకున్నాను. ఇందులో ఇంకొక లాభం ఉంది. పౌర్ణమి తర్వాత చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మనది తూర్పు సముద్రం. చీకటి పడ్డాక కాసేపు ఏమీ కనిపించకుండా హోరు మాత్రమే వినిపించి, తర్వాత నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. నా పద్దులో దీనికి ఖర్చు రాయలేదు.

అక్కడి ఒక బసకు ఫోన్ చేశాను. కింది అంతస్తు గది కావాలన్నాను, మెట్లెన్ని అన్నాను, కూర్చునే కమోడు ఉందా, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అన్నాను. ఆ అబ్బాయి అన్నింటికీ ఓపికగా చెప్పి, చివర్లో "మీరు తమిళ్ వాళ్లాండి?" అన్నాడు. తిరుత్తణి అన్నాను. "అయితే తమిళ్ వాళ్లేనండి. తెలుగు బాగానే మాట్లాడుతున్నారండి" అని మెచ్చుకున్నాడు. తిరువళ్లూరు కౌంటరు దగ్గర 'నీంగ తెలుంగా?' అని అడిగించుకుంటూ ముప్ఫై ఏళ్లు గడిపినవాణ్ణి. నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా. మా నాయిన వినుంటే ఆ పిల్లవాడికి ఫోన్లోనే ఒక పాఠం చెప్పి ఉండేవాడు. నేను మాత్రం, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇసుకలోకి తీసుకుపోనిస్తారా అని అడిగాను. చక్రాల కుర్చీ ఇసుకలో దిగబడుతుంది, మామూలు కుర్చీ అయితే ఇద్దరం చెరోవైపు పట్టుకుని మోయొచ్చు. "దానికేముందండి, మేమే వేస్తామండి" అన్నాడు.

లెక్క ఇలా తేలింది. గది రోజుకు 2,400, అదనపు పరుపు 500, రెండు రోజులకు 5,800. దాని మీద జి.ఎస్.టి. 5 శాతం, 290. ఈ రకం గదుల మీద 2025 సెప్టెంబరు 22 దాకా 12 శాతం ఉండేది, అంటే 696. మిగిలిన 406 రూపాయలను మా ఆవిడ కాఫీల పద్దు కింద రాయించింది. రైలుకు 4,500, ఆటోలకు 1,200, భోజనాలకు 3,000. మొత్తం 14,790. భోజనాల దగ్గర తగ్గించవచ్చునని నేనంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "మీ అమ్మగారికి సముద్రం వినాలని ఉంది. నాకు రెండు రోజులు కుక్కరు కూత వినకుండా ఉండాలని ఉంది. పులిహోర కట్టను, చపాతీలు చేయను" అంది. ఆ అంకె ముట్టుకోలేదు.

మరునాడు అమ్మ చీరల మడతల్లోంచి ఆరువేలు తెచ్చి నా చేతిలో పెట్టింది, తన పింఛనులో మిగిల్చింది. వద్దంటే వినలేదు. అందులో ఒకటి రెండు వేల నోటు. 2023 మేలో రిజర్వు బ్యాంకు వాటిని వెనక్కి తీసుకుంది. ఇప్పటికీ చెల్లుబాటు పోలేదు గానీ, నా బ్యాంకులోనే నేను మార్చలేను, రిజర్వు బ్యాంకుకే పోవాలి. చెన్నైలో అది రాజాజీ సాలైలో, బీచ్ స్టేషను ఉన్న దారిలోనే. పేరుకు బీచ్ స్టేషనే, దిగితే కనిపించేది హార్బరు. ఆ నోటు నా దగ్గర ఉంచుకుని, అమ్మ వాటా కింద నాలుగు అయిదు వందలు కలిపాను.

టిక్కెట్లు వచ్చిన సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని వివరాలు చెప్పాను. గది గురించి అడగలేదు, అద్దె అడగలేదు. "తిరుగు బండి ఎన్నింటికి?" అంది. మూడో రోజు మధ్యాహ్నం అన్నాను. వినిపించలేదో, ఇంకోసారి వినాలనుకుందో, మళ్లీ చెప్పించుకుంది.