మనం ఓడిపోయాం

మా ఇంటికి ఫుట్‌బాల్ జట్టును ఖాయం చేసింది మా అమ్మ. ఆవిడ జన్మలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మథురాకాటిలో క్వార్టరు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లకు కొదవలేదు, గోల్‌బజారులో వంకాయలు తెలుగులోనే బేరమాడొచ్చు. కానీ బెంగాలీ పిల్లలతో ఆటకు దిగితే మొదటి ప్రశ్న ఒకటే: నువ్వు మోహన్ బగానా, ఈస్ట్ బెంగాలా? వాళ్లకది పుట్టుకతో తేలిపోయిన సంగతి. పూర్వీకులు పద్మానదికి అవతలివాళ్లయితే బాంగాల్, వాళ్లది ఈస్ట్ బెంగాల్. ఇవతలివాళ్లయితే ఘోటి, వాళ్లది మోహన్ బగాన్. మరి గోదారి ఒడ్డువాళ్ల సంగతేమిటి? గోత్రం తెలియనివాడికి పురోహితుడు కాశ్యప గోత్రం అంటగట్టినట్టు మాకూ ఏదో ఒకటి కావాల్సొచ్చింది.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్లింట్లో ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే వీళ్లింట్లో పెద్ద రొయ్యలు. ఆ రోజుల్లో బజారులో వాటి ధర కూడా మ్యాచ్‌ని బట్టే లేచేది. పక్కింటి కాకిమా ఓసారి గిన్నెలో ఆవపిండి పెట్టి వండిన ఇలిష్ తెచ్చి ఇచ్చింది. అమ్మ ముల్లు తీస్తూ తీస్తూ ఆగిపోయింది. "ఇది మన పులసేనండీ!" అంది నాన్నతో. పుస్తెలమ్మైనా పులస తినాలనే సీమలో పుట్టిన మనిషి. ఆవిడ లెక్కలో ఇక చర్చ లేదు. పులస తినేవాళ్లు మనవాళ్లు.

నాన్నకి మాత్రం అసలు కారణం బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం. "మన సికింద్రాబాదు కుర్రాడు" అనేవాడు నాన్న. ఆయన కొవ్వూరు, సికింద్రాబాదు మొహం కూడా చూసినవాడు కాదు. ఊరికి దూరంగా ఉంటే చుట్టరికం ఎంత దూరమైనా సాగుతుంది కాబోలు. అంతకుముందు, 1949 నుంచి 53 దాకా ఈస్ట్ బెంగాల్ ముందు వరుసని కలకత్తావాళ్లు పంచపాండవులనేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఒక్కడూ బెంగాలీ కాదు. అప్పారావన్న పేరు ఏ భాషవాళ్లదో నాన్న ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది, అయినా అందరికీ చెప్పేవాడు.

అయితే చేపా, బలరామూ వాకిలి దాకా తీసుకొచ్చి వదిలేశాయి. లోపలికి లాగింది పక్కింటి కాకూ, అంటే బాబాయి.

వాళ్లది బరిసాల్. విభజన తర్వాత వచ్చేసిన కుటుంబం. అక్కడ ఇల్లెలా ఉండేదని అడిగితే "నీళ్లెక్కువ" అని ఊరుకునేవాడు. ఈస్ట్ బెంగాల్ కథ మాత్రం ఎన్నిసార్లడిగినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు. 1920లో జోడాబగాన్ జట్టుకి మోహన్ బగాన్‌తో మ్యాచ్. శైలేష్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి పక్కన పెట్టేశారు. దానికి సురేశ్ చంద్ర చౌధురి అనే పెద్దమనిషి అలిగి బయటికొచ్చి, తోటివాళ్లతో కలిసి ఆగస్టు ఒకటిన కొత్త క్లబ్బు పెట్టాడు. అలకలోంచి పుట్టిన క్లబ్బన్నమాట. మన పెళ్లిళ్లలో అలకలకి ఇంత ఫలితం దక్కినట్టు నేను వినలేదు. 1947 వచ్చేసరికి ఆ పేరుగల నేల సరిహద్దు అవతల పడిపోయింది. ఇవతలికొచ్చిన లక్షలమందికి ఆ పేరుతో కళ్లెదుట మిగిలింది ఎరుపు పసుపు చొక్కాల పదకొండుమంది.

1975 సెప్టెంబరు 30, ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ ఫైనల్. నాకు తొమ్మిదేళ్లు. కాకూ వరండాలో రేడియో చుట్టూ పదిహేనుమందిమి. సురజిత్ సేన్‌గుప్తా మొదటి గోల్ కొట్టగానే కాకూ బొటనవేలు మడిచాడు. శ్యామ్ థాపా, రంజిత్ ముఖర్జీ, మళ్లీ శ్యామ్ థాపా, చివర్లో శుభంకర్ సన్యాల్. అయిదు గోల్స్, మోహన్ బగాన్‌కి సున్నా. మడవడానికి వేళ్లయిపోయాయి. అందరూ వీధిలోకి పరిగెత్తి గంతులేస్తుంటే ఆయన మాత్రం ఆ పిడికిలి విప్పకుండా అలాగే కూర్చున్నాడు. నేను వెళ్లి నా వచ్చీరాని బెంగాలీలో "కాకూ, మీరు గెలిచారు" అన్నాను. ఆయన నా వంక చూసి, "'తోమ్‌రా' కాదురా, 'ఆమ్‌రా'" అన్నాడు. మీరు కాదు, మేము.

మేమా, మనమా? బెంగాలీలో రెంటికీ ఒకటే మాట. తెలుగులో అలా కుదరదు. 'మేం గెలిచాం' అంటే నువ్వు బయటివాడివి, 'మనం గెలిచాం' అంటే లోపలివాడివి. కాకూ 'ఆమ్‌రా'లో నేనున్నానో లేదో తొమ్మిదేళ్లవాణ్ణి చాలా రోజులు మథనపడ్డాను. ఆయన్ని అడుగుదామంటే అడగడానికి ఆయన భాషలో మాట లేదు.

జవాబు పదినెలల తర్వాత, రొయ్యల రూపంలో వచ్చింది.

హైదరాబాదు నుంచి హబీబ్, అక్బర్ అని అన్నదమ్ములిద్దరు వచ్చారు. మొదట ఈస్ట్ బెంగాల్‌కే ఆడారు, 1976లో మోహన్ బగాన్‌కి మారారు. ఆ జులై 24న ఈ రెండు జట్ల మధ్య లీగ్ డెర్బీ. మేం రేడియో పెట్టేసరికే గోల్ అయిపోయి ఉంది. ఆట మొదలైన పదిహేడో సెకనులో అక్బర్ కొట్టేశాడు. మిగతా ఆటంతా ఆ ఒక్క గోల్‌ని తీర్చలేక కొట్టుకున్నాం. అయిదేళ్లకి పైగా మోహన్ బగాన్ చేతిలో ఓడని జట్టు పదిహేడు సెకన్లలో మునిగింది. ఫలితం విని కాకూ రేడియో కట్టేసి వరండాలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మా వంటింట్లోంచి ఘుమఘుమలాడుతూ రొయ్యల వేపుడు వాసన.

పాపం అమ్మకి మ్యాచ్ సంగతే తెలీదు. పొద్దున బజారులో చవగ్గా దొరికాయని తెచ్చింది. కాకూ ఆ వాసన పీల్చి, మా గుమ్మం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. ఏదైనా అన్నా బాగుండేది.

కంచం ముందు కూర్చుని "నాకొద్దు" అన్నాను. రొయ్యల కోసం చెల్లెలి కంచంలో చెయ్యి పెట్టే రకాన్ని. అమ్మ నా నుదురు పట్టుకు చూసింది. "మనం ఓడిపోయాం" అన్నాను. నాన్న రొయ్య నములుతూ, "అక్బర్ హైదరాబాదువాడ్రా. మనవాడు గోల్ కొడితే మనమెలా ఓడిపోతాం?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పచ్చడితో తిని పడుకున్నాను.

సరిగ్గా ఆ 1976లోనే అమెరికాలో రాబర్ట్ చాల్దినీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తోటివాళ్లతో కలిసి ఒక పరిశోధన అచ్చువేశాడని చాలా కాలానికి చదివాను. అక్కడి విశ్వవిద్యాలయాల్లో, తమ ఫుట్‌బాల్ జట్టు (వాళ్ల ఫుట్‌బాల్ వేరనుకోండి) గెలిచిన వారం కుర్రాళ్లు ఆ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొస్తారట. గెలిస్తే "గెలిచాం", ఓడితే "వాళ్లు ఓడిపోయారు" అంటారట. మనుషులు ఇతరుల వెలుగులో చలి కాచుకుంటారని ఆయన సారాంశం. నిజమే, లోకంలో ఎక్కువమంది అంతే. కానీ ఆయన ఆ జులైలో ఖరగ్‌పూర్ వచ్చి ఉంటే, 'ఓడిపోయారు' అనాల్సిన చోట 'ఓడిపోయాం' అనేవాళ్లు వీధికి ఇరవైమంది కనిపించేవాళ్లు. వాళ్ల గురించి ఆ కాగితాల్లో ఏం రాసేవాడో.

పట్టుకున్న జట్టులో పట్టుకోవడానికి ఏముందని మా ఆవిడ అడుగుతుంటుంది. ఆటగాళ్లా? ఏటా బదిలీల కాలం వస్తే కలకత్తాలో క్లబ్బులవాళ్లు ఆటగాళ్లను దాచేసేవాళ్లు, సంతకం అయ్యేదాకా ఎవరు ఎటో తెలిసేది కాదు. 1975లో మా తరఫున రెండు గోల్స్ కొట్టిన శ్యామ్ థాపాయే మోహన్ బగాన్‌కి మారి, 1978లో గాల్లో వెనక్కి తిరగబడి బైసికిల్ కిక్‌తో మా మీదే గోల్ కొట్టాడు. ఆ ఫొటో మోహన్ బగాన్ వాళ్ల ఇళ్లలో దేవుడి పటాల సరసన ఉండేది. అందమైన గోల్. ఈ మాట కాకూ బతికుండగా అనలేదు. ఆటగాళ్లు మారతారు, కోచ్‌లు మారతారు, డబ్బు పెట్టేవాళ్లు మారతారు. చూసేవాడికే బదిలీ లేదు.

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ చూడ్డానికెళ్లి పదహారుమంది తొక్కిసలాటలో పోయారు. నాన్న నాచేత స్టేడియం గడప తొక్కనని అమ్మ మీద ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు 1997 దాకా నిలిచింది. అప్పటికి వాల్తేరు డివిజన్‌లో నాకు ఉద్యోగం, సౌత్ ఈస్టర్న్ రైల్వే పాసు జేబులో ఉంది, నాన్న లేడు. జులై 13, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, సాల్ట్ లేక్. లక్షా ముప్ఫైవేలకు పైగా జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఆటకి ముందు మా భైచుంగ్ భూటియాని వెక్కిరించాడు, మా ఒమోలోని 'ఆమ్లెట్' అన్నాడు. భైచుంగ్ మూడు గోల్స్ కొట్టాడు, నాలుగొకటితో గెలిచాం. పక్కనున్న ముక్కూ మొహం తెలియని ముసలాయన నా భుజం మీద పడి ఏడ్చాడు. ఆయనది ఏ ఊరో అడగలేదు. అడిగితే "నీళ్లెక్కువ" అనేవాడేమో.

ఆ తర్వాత 2003లో జకార్తాలో ఆసియాన్ కప్పు, 2004లో జాతీయ లీగు. అంతే, మళ్లీ ఏళ్ల తరబడి లీగు ముఖం చూడలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో పదకొండు జట్లలో మాది పదకొండోది. "హాయిగా హైదరాబాద్‌కి మారిపోవచ్చుగా, మనూరు కూడాను" అన్నారు ఆఫీసులో. పక్కింటివాళ్లబ్బాయికి మార్కులు ఎక్కువొచ్చాయని మనవాణ్ణి ఇచ్చేసి వాణ్ణి తెచ్చుకుంటామా?

మావాడి కథ వేరు. విశాఖలో టీవీ ముందు కూర్చుని ఆర్సెనల్‌ని పట్టుకున్నాడు. 2004లో ఆ జట్టు ముప్ఫై ఎనిమిది మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా లీగు గెలిచింది. చేపా లేదు, నదీ లేదు, పక్కింటి కాకూ లేడు. ఉన్నది థియరీ ఆన్రీ. గెలిచే జట్టును పట్టుకోవడం షేర్లు కొనడంలాంటిదిరా అని ఎగతాళి చేశాను. వాడికి అప్పుడు పదేళ్లు.

2006 మే, పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, బార్సిలోనాతో. మనకి అర్ధరాత్రి దాటాక. వాడు నిద్రపోతాడేమోనని నేనూ కూర్చున్నాను. పద్దెనిమిదో నిమిషంలోనే గోల్‌కీపర్ లేమన్‌కి రెడ్ కార్డు. అయినా పదిమందితో క్యాంప్‌బెల్ గోల్ కొట్టాడు. మావాడు మంచం మీద ఎగిరి వాళ్లమ్మ చేత తిట్లు తిన్నాడు. చివరి పావుగంటలో ఎటో ఒకటి, బెల్లెట్టి ఒకటి. అయిపోయింది. టీవీలో వాన పడుతోంది. వాడు తెర వంకే చూస్తూ, "ఓడిపోయాం నాన్నా" అన్నాడు.

లండన్‌ని అట్లాసులో తప్ప చూడనివాడు. ఎవర్రా ఓడిపోయింది, అని నాన్నలా అడగబోయి ఆగాను. వంటింట్లోకెళ్లి పాలు కాచి గ్లాసులో పోసిచ్చాను. పొద్దున లేచేసరికి వాడు ఆర్సెనల్ ఎర్ర చొక్కా వేసుకుని ట్యూషన్‌కి వెళ్లిపోయాడు.

2024 జనవరి 28, భువనేశ్వర్, సూపర్ కప్ ఫైనల్. ఒడిశా మీద అదనపు సమయంలో మూడు రెండుతో గెలిచాం. పన్నెండేళ్ల తర్వాత ఒక కప్పు. మావాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి "కంగ్రాట్స్" అన్నాడు, బంధువులింట్లో పెళ్లికి చెప్పినట్టు. మర్నాడు పొద్దున్నే చేపల బజారుకెళ్లాను. జనవరిలో పులసేమిటండీ, గోదారికి ఎర్రనీరు రావాలి కదా అని నవ్వింది చేపలమ్మి. సముద్రంలో పట్టిన విలస ఉంటే తెచ్చాను. ఏటికి ఎదురీదకముందు అదీ అదే చేపేనని మా ఆవిడకి చెప్పబోయాను.

"మీవాళ్లు గెలిచారని విలసని పులసంటే నేనొప్పుకోను" అంది, పొలుసు గీకుతూ.