ముసలవ్వకు దారి ఇచ్చిన గుట్ట

గూడూరు,
పాలకుర్తి మండలం, జనగామ జిల్లా.

ప్రియమైన సోపతికి,

నీ ఉత్తరం అందింది. ఇండియానాలో స్ప్రింగ్ మిల్ పార్కుకు పిల్లలను తీసుకుపోయిన ముచ్చట మీ అమ్మకు, అదే నా చిన్నమ్మకు కూడా చదివి వినిపించాను. గుహలో నీళ్ల మీద పడవ ఎక్కడం, ఆ చీకట్లో కళ్లు లేని చేపలు బతకడం, పక్కనే పాత ఊరిని చెదరకుండా నిలబెట్టడం, 1817లో కట్టిన మర ఇప్పటికీ మక్కలు విసరడం అన్నీ ఆమె మళ్లీ మళ్లీ చదివించుకుంది. బిడ్డ చూసినవి తానూ చూసినంత సంబరపడింది.

చివర్లో నువ్వు ఒక మాట రాశావు, మన దిక్కు ఇట్లాంటివి ఎందుకు లేవని. ఉన్నాయే. గుహలున్నాయి, చరిత్ర ఉన్న ఊరుంది, అవి కూడా మన గూడూరు చుట్టుపక్కలే. చిన్నప్పుడు శివరాత్రి జాతరకు పోతే మన కళ్లన్నీ గాజుల దుకాణాల మీదే ఉండేవి. అందుకే ఈసారి జాతర రద్దీ లేని కార్తీకంలో చిన్నమ్మను వెంటబెట్టుకుని పాలకుర్తి గుట్టకూ బమ్మెరకూ పోయి వచ్చాను. చూసింది చూసినట్టు నీకు రాయాలని కూర్చున్నాను.

గుట్ట మీద ఒక గుహలో సోమేశ్వరుడు, మరో గుహలో లక్ష్మీనరసింహస్వామి. వీరశైవంలో అంత పట్టు గల పాల్కురికి సోమన పుట్టిన ఊళ్లోనే శివుడూ విష్ణువూ ఇట్లా ఇరుగుపొరుగులా ఉన్నారు. జనం కూడా తేడా చూడరు. ఇక్కడ దండం పెట్టిన చేతులతోనే అక్కడా పెడతారు.

నేను నీకు చెప్పాలనుకున్నది ఆ గుట్ట మీది ప్రదక్షిణ దారి గురించి. రెండు బండల నడుమ సందు, లోపల పట్టపగలే మసక చీకటి. పోనుపోను ఇరుకు. కొంగు నడుముకు చుట్టుకుని, ఒక భుజం ముందుకు పెట్టి, పక్కకు తిరిగి నడవాలి. భుజాలు తగిలే ఎత్తులో రాయి నున్నగా అరిగిపోయి చమురు పూసినట్టు మెరుస్తుంది. దానికి పైన, చేయి అందని చోట, అదే బండ గరుకుగా, బూడిద రంగులో ఉంది. చేత్తో తడిమి చూస్తే ఆ నున్నని చోట చల్లదనం తగిలింది. ఎన్ని తరాల మనుషులు ఒరుసుకుంటూ పోతే రాయి అట్లా తయారైందో!

ఈ దారి ఎట్లా వచ్చిందో ఊళ్లో ఒక కథ చెబుతారు. ఒక భక్తురాలు రోజూ గుట్ట చుట్టూ తిరిగేదట. వయసు మీదపడి కాళ్లు రాకుండా అయినప్పుడు స్వామికే జాలి కలిగి, అంత దూరం తిరిగే పని లేకుండా గుట్టను చీల్చి దారి ఇచ్చాడట. మోకాళ్ల నొప్పులతో మెట్ల దగ్గరే ఆయాసపడ్డ చిన్నమ్మ ఈ సందులోకి మాత్రం నా చేయి పట్టుకోకుండా నడిచింది. బయటికి వచ్చాక, "గా అవ్వ నాలాంటిదే కదనె" అన్నది. ఆ ముఖంలో వెలుగు నువ్వు చూసి ఉండాల్సింది.

అప్పటి నుంచి నా మనసు ఒకే దిక్కు పోతోంది. ఈ నేల చెప్పే కథలన్నిట్లో ఒక ఆడమనిషి ఉంది. సోమన బసవపురాణంలో బెజ్జ మహాదేవి కథ గుర్తుందా? శివుడికి తల్లి లేదని తెలిసి గుండె కరిగి, తానే తల్లయి ఆయనకు లాలపోసి పాలు పట్టిన ఇల్లాలు. గొడగూచి అయితే చిన్నపిల్ల. తెచ్చిన పాలు శివుడు తాగలేదని ఏడ్చి పట్టుబట్టింది. పండితులే తప్ప మరొకరు ముట్టని కవిత్వాన్ని ద్విపదలోకి తెచ్చి, పాడుకునే వాళ్ల నోళ్లకు అందించిన కవి, దేవుణ్ణి కూడా తల్లుల చేతికే అప్పగించాడు.

బమ్మెరకు పోయేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పోతన దున్నిన పొలమని ఊరివాళ్లు ఒక చెలక చూపిస్తారు, సమాధి కూడా చూపిస్తారు. పోతన ఒంటిమిట్టవాడని కడపవాళ్లు అంటారు. రెండు ఊళ్లు ఒక కవి కోసం ఇన్నేళ్లుగా పట్టు విడవకపోవడం నాకు ఇష్టమే. 2017 డిసెంబరులో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ప్రాంగణానికి పాల్కురికి సోమన పేరు, వేదికకు బమ్మెర పోతన పేరు పెట్టారు. ఇద్దరూ మన మండలం వాళ్లే అని మా బడిపిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వనన్న ఆ మనిషి, అదే భాగవతంలో కృష్ణుణ్ణి రోలుకు కట్టేసే యశోదను తెలుగు తల్లిగా మన ముందు నిలబెట్టాడు. రోడ్డు పక్కన చేలో ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్న ఆడవాళ్లను చూస్తూ చిన్నమ్మా నేనూ సద్ది విప్పుకున్నాం. ఒకామె వచ్చి మా దగ్గర పచ్చడి అడిగి పెట్టించుకుని, తన దగ్గరి చింతచిగురు పప్పు మాకు పెట్టింది.

ఇక మన ఊరి సంగతి. కాకతీయుల చరిత్ర చదివేవాళ్లు గూడూరు శాసనాన్ని దాటి పోలేరు. చంపకమాల, ఉత్పలమాల పద్యాలు చెక్కిన శాసనం అది. తండ్రి పోయాక దిక్కులేకుండా మిగిలిన కాకతి బేతణ్ణి విరియాల కామసాని చక్రవర్తి దగ్గరికి తీసుకుపోయి, చాళుక్యుల అండతో అనుమకొండలో నిలబెట్టిన వైనం అందులో ఉంది. ఆ బేతడి వంశంలోనే తర్వాత గణపతిదేవుడు, రుద్రమదేవి పుట్టారు. ఓరుగల్లు కోట చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు, దాని పునాదికి ముందే ఒక ఇల్లాలు చేసిన మేలు మన ఊరి రాయి మీద ఉంది.

తిరుగు దారిలో పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విగ్రహం దగ్గర ఆగాం. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వస్తే, దొరల మీద పోరాడే సంఘం వాళ్ల అండతో ధాన్యాన్ని ఇంటికి చేర్చుకున్న మనిషి. అదే పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు, అంతకు ముందే ఇక్కడ ఈమె ఎదురు నిలిచింది. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. చిన్నమ్మ విగ్రహం ముందు చెప్పులు విప్పింది. గుట్ట మీద ఎట్లా మొక్కిందో ఇక్కడా అట్లాగే మొక్కింది.

సోమనకూ పోతనకూ ఐలమ్మకూ గుర్తులున్నాయి. కామసాని పేరు మాత్రం మన ఊరి పిల్లల నోట వినపడదు. బడి గోడ మీద ఆ శాసనంలోని పద్యాలు, కింద అందరికీ తెలిసే తెలుగులో వాటి భావం రాయించాలని అనుకుంటున్నాను. ఊరి పెద్దలతో మాట మొదలుపెట్టాను, వద్దన్నవాళ్లు లేరు. నీ అక్షరాలు నాకంటే గుండ్రంగా ఉంటాయి. భావం ఎట్లా రాస్తే ఐదో తరగతి పిల్లకు అర్థమవుతుందో ఆలోచించి, నీ చేత్తోనే రాసి పంపు. పెయింటర్‌కు దాన్నే ఇస్తాను.

చిన్నమ్మ బాగుంది. పిల్లలకు ముద్దులు చెప్పమన్నది.

నీ
సోపతి