మూడో రోజు జ్వరం

2024 ఫిబ్రవరి 6, తెనాలి

అమ్మ కుట్టు దగ్గర చీము ఆగింది. ఇవాళ కట్టు మార్చినప్పుడు దూది పొడిగా వచ్చింది. గర్భసంచి ఆపరేషనుకని డిసెంబరు 18న వెళ్లిన మనిషి ఇల్లు చేరేసరికి 41 రోజులు. మధ్యలో ఇంకో ఆసుపత్రి, ఐసీయూ, కుట్లు విప్పి కడగడం. కేసు మాటెత్తితే, "ప్రాణం దక్కింది కదే బుజ్జీ, డాక్టరు మీద కేసేంటి" అంటుంది.

ఫిబ్రవరి 12

ఆపరేషను చేసిన ఆసుపత్రిలో కేస్ షీటు అడిగితే కౌంటర్లో "కోర్టు ఆర్డరు తెండి" అన్నారు. వకీలు గారు ముందే చెప్పారు, నోటితో అడగొద్దని. అర్జీ ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకున్నాను. రోగి రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే కాదు, నర్సులు రాసినవీ, జ్వరం చార్టూ, మందుల చార్టూ కావాలని విడివిడిగా రాశాను.

ఫిబ్రవరి 15

68 జిరాక్సు కాగితాలు. అమ్మ పడుకున్నాక మంచం మీద పరిచాను.

మూడో రోజు సాయంత్రం 101. నాలుగో రోజు 101.8. ఐదో రోజు రాత్రి 102.4, పక్కన నర్సు రాత: "కుట్టు ఎర్రబడింది, వాసన వస్తోంది. డ్యూటీ డాక్టరుకు చెప్పాను. 9.40." ఆ మూడు రోజులూ డాక్టరు కాగితంలో "పరిస్థితి నిలకడగా ఉంది." అదే యాంటీబయాటిక్. చీము కల్చర్‌కు పంపింది ఏడో రోజు, అదీ నేను వరండాలో నిలబడి అరిచాక.

అమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసిన పిల్లే ఆ నర్సు. పేరు కూడా అడగలేదు. ఆమె నిజం రాసింది కాబట్టే మాకు దారి దొరికింది. ఈ కాగితం బయటపెడితే ఆమె ఉద్యోగం ఏమవుతుందో అన్న భయం నన్ను వదలడం లేదు.

ఫిబ్రవరి 21

"ఇన్‌ఫెక్షన్ ఎంత మంచి ఆసుపత్రిలోనైనా వస్తుందమ్మా. వచ్చిందని కేసు నిలవదు. కనబడ్డాక ఎందుకు ఊరుకున్నారన్నదే మన కేసు" అన్నారు వకీలు గారు. నా కోపానికి సరైన పేరు ఇవాళే దొరికింది.

డబ్బు కట్టి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులో చెప్పింది. అయినా ఒక సర్జన్ అభిప్రాయం తీసుకుందామన్నారు. పోలీసు కేసు వద్దన్నారు, దానికి నిర్లక్ష్యం మరీ ఘోరమైనదని చూపాలి. వినియోగదారుల ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

ఫిబ్రవరి 27

ఫిర్యాదు అమ్మ పేరు మీదే. సంతకం పెట్టే ముందు మొత్తం తెలుగులో చదివి వినిపించమంది. "మూడో రోజు సాయంత్రం జ్వరం మొదలైంది" దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"సాయంత్రం కాదు, పొద్దున్నే. చలికి చెయ్యి వణికి కాఫీ దుప్పటి మీద ఒలికింది. రౌండ్లకొచ్చిన డాక్టరుకు చెప్పాను కూడా. అదీ రాయి."