డీజిల్ కొనని యాత్రికులు

మోటర్ హోమ్ అనే మాట నేను చాలా ఆలస్యంగా విన్నాను. ఆ వస్తువు మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. పాతబస్తీలో గౌలిపురా, లాల్ దర్వాజా వైపు పెరిగినవాళ్లెవరికైనా తెలుస్తుంది. కార్తీకం దగ్గర పడుతుంటే గల్లీ మొగదల ఒక బస్సు వచ్చి ఆగేది. టాపు మీద గంజులు, బియ్యం బస్తాలు, పొయ్యి. డిక్కీలో పరుపులు, చద్దర్లు. ముందు అద్దం కింద పసుపు బ్యానర్ మీద కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య. నలభై మంది పన్నెండు రోజులు ఆ బస్సులోనే కూర్చుంటారు, చాలా రాత్రులు అందులోనే పడుకుంటారు, దాని నీడలోనే వండుకుని తింటారు. చక్రాలున్న ఇల్లంటే మా దగ్గర ఇదే.

అట్లాంటి బస్సు మా పెదనాన్నకి ఒకటి ఉంది. డిగ్రీలో ఉన్నప్పటి నుంచీ దాని లెక్కలు నేనే రాస్తున్నాను. ఆయన హిసాబ్ బుక్కులో వంటమనిషి కూలి, టోలు, పర్మిట్, సత్రం కిరాయి అన్నీ ఒక పేజీలో పడతాయి. డీజిల్‌కి మాత్రం వేరే పేజీ. బస్సు పాతది, నిండా బరువు. లీటరుకి మూడున్నర కిలోమీటర్లు ఇస్తే గొప్ప. గయ, అయోధ్య అన్నీ తిరిగి ఇంటికొచ్చేసరికి మూడున్నర వేల కిలోమీటర్లు. అంటే ట్రిప్పుకి వెయ్యి లీటర్లు.

ఈ వెయ్యి లీటర్లు ఎక్కడ కొట్టించాలన్నదే పెదనాన్న విద్య. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం. 2015 మొదట్లో పెంచకముందు 22.25 శాతం ఉండేది. 2024 మార్చిలో కేంద్రం ధర రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో లీటరు 95.65. అదే రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లో 88 లోపే. మూడు వందల లీటర్ల ట్యాంకుకి రెండు వేల పైచిలుకు తేడా. అందుకే ఆయన ఇక్కడ ఆదిలాబాద్ దాటేదాకా సరిపోయేంతే కొట్టించి, మిగతాది బార్డర్ అవతల చూసుకుంటాడు. తిరుగు ప్రయాణంలో యూపీ వదిలే ముందు మూత దాకా నింపిస్తాడు. "కాశీ నుంచి గంగనీళ్లు తెచ్చుకుంటరు అందరు. నేను డీజిల్ తెస్త" అని నవ్వుతాడు.

మా మేనత్త కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఒక ఎండాకాలం మూడు తెలుగు కుటుంబాలు కలిసి పెద్ద మోటర్ హోమ్ ఒకటి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ పోయి వచ్చాయి. వాడు ఫొటోలు పంపితే పెదనాన్న అడిగిన మొదటి ప్రశ్న: "ఆడ బార్డర్ల డీజిల్ హిసాబ్ ఎట్లరా?" నేను కూర్చుని చదివాను. అమెరికాలో 48 రాష్ట్రాలు, కెనడాలో 10 ప్రావిన్సులు కలిసి ఇఫ్టా అనే ఒప్పందం పెట్టుకున్నాయి. లారీ ఇంధనం ఎక్కడ కొన్నా సరే, ఏ రాష్ట్రం రోడ్డు మీద ఎన్ని మైళ్లు తిరిగిందో మూడు నెలలకోసారి లెక్క చూపించి, ఆ రాష్ట్రం వాటా ఆ రాష్ట్రానికి కట్టాలి. సొంత సరదా కోసమే తిరిగే మోటర్ హోమ్ ఎంత పెద్దదైనా దీని కిందికి రాదు. బంకు దగ్గర కట్టిన పన్నుతో దాని బాకీ తీరినట్టే. అదే బండిని వ్యాపారానికి వాడితే మినహాయింపు పోతుంది. ఇక పొలం ట్రాక్టర్లకీ, రోడ్డెక్కని మెషిన్లకీ పన్ను లేని డీజిల్ ఉంటుంది. దానికి ఎర్ర రంగు కలుపుతారు. ఆ ఎర్ర డీజిల్‌తో రోడ్డెక్కితే భారీ జరిమానా.

అక్కడి చట్టం బండిని ఆపి, ఎందుకు పోతున్నావని అడుగుతుంది. మన దగ్గర బంకు ఆ మాట అడగదు. కోట్లు పెట్టి చేయించుకున్న క్యారవాన్‌కీ, చార్మినార్ వైపు పోయే సిటీ బస్సుకీ, మా కాశీ బస్సుకీ పంపు దగ్గర ఒకటే రేటు. వినడానికి సమానత్వంలాగే ఉంటుంది. కానీ క్యారవాన్ ఓనర్ తన డీజిల్ తానే కొనుక్కుంటాడు. బస్సు డీజిల్‌ని అందులో కూర్చున్నవాళ్లు కొంటారు, కొంటున్నామని తెలియకుండానే.

ఇది నాకు బాగా అర్థమైంది 2021లో. ఆ సెప్టెంబర్‌లో లీటరు 97 దగ్గర ఉన్నప్పుడు పెదనాన్న రేటు కట్టి అడ్వాన్సులు తీసుకున్నాడు. అక్టోబర్ ఆఖరికి 106 దాటింది. వెయ్యి లీటర్ల మీద దాదాపు తొమ్మిది వేలు. వంట గ్యాస్ కూడా పెరిగింది. బయలుదేరే ముందు మనిషికి మూడు వందలు ఎక్కువ అడగక తప్పలేదు. చాలామంది గొణుక్కుంటూ ఇచ్చారు. పూలమ్మే ఒక అవ్వ మాత్రం ఇవ్వలేకపోయింది. చిట్టీ ఎత్తి, వాయిదాల్లో కట్టుకుంటూ వచ్చిన మనిషి. "నాకు బండే లేదు గద బిడ్డా, డీజిల్‌ది నన్నెందుకు అడుగుతున్రు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మూడు వందలు నేనేస్తానన్నాను. "కాశీ పుణ్యం అప్పుల తీస్కోవద్దు" అని తన డబ్బు వాపసు తీసుకుని పోయింది.

బస్సు కాశీలో ఉండగానే, దీపావళి నాడు, కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ పది రూపాయలు తగ్గించింది. హైదరాబాద్‌లో ధర 107.40 నుంచి 94.62కి దిగింది. కేంద్రం తగ్గించింది పది, బంకులో తగ్గింది 12.78. కర్ణాటకలాగా మన రాష్ట్రం తన వ్యాట్ ఏమీ తగ్గించలేదు. మరి ఆ రెండున్నర పైన ఎక్కడిది? వ్యాట్ అనేది ఎక్సైజ్ కలిపిన ధర మీద శాతంగా పడుతుంది. పది రూపాయల పన్ను పోతే దాని మీద వేసిన 27 శాతం పన్ను కూడా దానితోపాటే పోయింది. అంతకుముందు 2020 మేలో కరోనా కాలంలో కేంద్రం డీజిల్ మీద ఒక్కసారే 13 రూపాయలు పెంచినప్పుడూ ఇదే సూత్రం. ఢిల్లీ పెంచితే హైదరాబాద్‌కి కూర్చున్న చోటే ఆదాయం.

దీన్ని జీఎస్టీలోకి తెస్తే ఈ ముడి విడిపోతుందంటారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడే డీజిల్‌ని బయట ఉంచారు. ఎప్పుడు లోపలికి తేవాలో కౌన్సిల్ సిఫారసు చేయాలని రాజ్యాంగంలోనే ఉంది. మా అవ్వ ఆగిపోయిన ఏడాదే, సెప్టెంబర్ 17న, లక్నోలో జరిగిన కౌన్సిల్ సమావేశం ఇది సమయం కాదని తేల్చింది. రాష్ట్రాల బాధ కూడా అబద్ధం కాదు. సొంతంగా రేటు పెట్టుకోగలిగే పన్నులు వాటికి మిగిలినవే కొన్ని, డీజిల్, మద్యం వంటివి. పింఛన్లూ, ఆసుపత్రులూ ఆ డబ్బుతోనే నడవాలి. పన్నే వద్దని నేననను. ఎవరు కడుతున్నారో వాళ్లకి తెలియాలంటాను.

2022 ఏప్రిల్‌లో ఆర్టీసీ డీజిల్ సెస్ పెట్టింది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్‌కి రెండు రూపాయలు. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు కండక్టర్‌తో లడాయి పెట్టుకుంటూ కనిపించేవాళ్లు. ఆ రెండు రూపాయలకి ఒక పేరుంది కాబట్టి జనం కొట్లాడారు. లీటరులో కూర్చున్న ఇరవై రూపాయల వ్యాట్‌కి బస్సులో పేరు లేదు. దాని గురించి ఏ కండక్టర్‌తోనూ ఎవరూ తగువు పడలేదు.

మా బస్సు లెక్క ఒకసారి కట్టి చూశాను. 95.65 ధర దగ్గర వ్యాట్ దాదాపు 20, ఎక్సైజ్ 15.80. వెయ్యి లీటర్లు హైదరాబాద్‌లోనే కొంటే 36 వేల చిల్లర. నలభై మందికి పంచితే తలా తొమ్మిది వందలు. బార్డర్ విద్య ఎంత చూపించినా ఇందులో కొంచెమే తగ్గుతుంది. అవ్వ ఇవ్వలేకపోయిన మూడు వందలకి మూడింతలు, పైకి కనిపించని పన్నుగా ఆమె చిట్టీ డబ్బులో అప్పటికే ఉంది.

కొత్త రసీదు బుక్కు అచ్చు వేయించినప్పుడు కింద ఒక వరుస పెట్టించాను: ఈ మొత్తంలో డీజిల్ పన్ను మనిషికి సుమారు 900 రూపాయలు. పెదనాన్నకి నచ్చలేదు. "ఇది సదివి రేటు తగ్గియ్యమంటే?"

"తగ్గించాల్సింది మనం కాదు గద పెద్నాయనా. అడిగితే వాళ్లను అడుగుతరు."

"ఎవర్ని?"

ఢిల్లీ, హైదరాబాద్ అని రెండు పేర్లు చెప్పాను. ఆయన కాసేపు ఊకున్నాడు. తర్వాత రసీదు బుక్కు లాక్కుని, ఆ వరుసని కొంచెం పెద్ద అక్షరాల్లో వేయించమన్నాడు, మా గిరాకీలు ముసలోళ్లు, కండ్లు ఆనవని.