అనకాపల్లిలో మా మేడమీది తీగ

అనకాపల్లి యనగానే మీకు బెల్లము జ్ఞప్తికి వచ్చును. అందు తప్పేమియు లేదు. పుష్యమాసమున మా యూరి బెల్లపు మార్కెట్టు ప్రక్కగా నడచినచో దిమ్మల వరుసలును, కమీషను కొట్ల గుమాస్తాల కేకలును, చుట్టుప్రక్కల పల్లెలనుండి గాలికి వచ్చెడి పాకపు వాసనయు మనస్సును పట్టి నిలుపును. చెరకు పరిశోధనకై 1913లో స్థాపించిన క్షేత్రము నేటికిని ఇచ్చటనే యున్నది. శారదానది యున్నది, నూకాలమ్మ తల్లి యున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి మాది జిల్లాకు ముఖ్యపట్టణము కూడ నయినది. అయితే నేను వ్రాయదలచినది వీనిని గూర్చి కాదు. మేము కాపురముండు మూడంతస్తుల యింటి మేడమీద, వెదురుకఱ్ఱ కొసనుండి రెండు ప్రక్కలకును గుడారపు త్రాళ్లవలె దిగిన సన్నని రాగితీగను గూర్చి.

ఆ తీగను చూచి ఇరుగుపొరుగువా రడిగిన ప్రశ్న లన్నియు వ్రాసిన పుస్తకమగును. బట్టలారవేయుట కింత యెత్తెందుకని యొకరు, పిడుగును పిలుచుకొనుట గాదా యని యొకరు. ఈ రెండవ ప్రశ్న న్యాయమైనదే. మబ్బు పట్టిన తోడనే మేము తీగను యంత్రమునుండి విప్పి వేయుదుము.

దీనిని హ్యాం రేడియో యందురు. ఆకాశవాణి పలుకును, మనము విందుము. ఇచ్చట మనము వినుటయేగాక పలుకుదుము. జీతము లేదు, వ్యాపారము లేదు. రాజకీయములు మాటలాడరాదు, పరుల సందేశములను చేరవేయరాదు. విపత్తులయందు మాత్రము మినహాయింపు. ప్రభుత్వపు పరీక్ష నిచ్చి అనుమతి పొందినవారికి పిలుపుపేరు నొకదాని నిత్తురు. మన దేశమువారి పేళ్లు చాలవఱకు వి.యు. అను అక్షరములతో మొదలగును. 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు అను వంగీయుడు మన దేశమున మొట్టమొదట ఇట్టి అనుమతి పొందెను. కావున ఇది క్రొత్త వింత కాదు. మన వీథికి ఆలస్యముగా వచ్చినది, అంతియే.

మా యింటికి ఇది వచ్చిన కారణము వేఱు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద విఱుచుకొని పడినది. మా పుట్టిల్లు పెదవాల్తేరులో నున్నది. తమ్ముడు ఉద్యోగరీత్యా ఊర లేడు, అమ్మ ఒక్కతె. మా యూరికిని విశాఖకును సుమారు 35 కిలోమీటర్లు. ఉదయము పదిగంటలకు అమ్మ ఫోనులో "కిటికీ తలుపు నిలుచుట లేదే" అన్నది. ఆ మాటతో తెగిపోయినది. దీపములు లేవు, ఫోనుల స్తంభములు కూలినవి, చెట్లు పడి దారులు మూసికొనినవి. మూడుదినము లామె మాట నాకు తెలియలేదు. నాలుగవనాడు మావారు కొంత దూరము మోటారుసైకిలుమీదను, కొంత నడిచియు పోయి చూచివచ్చిరి. అమ్మ క్షేమముగనే యున్నది. ప్రక్కింటివారి కందఱికి వంటచేసి పెట్టుచున్నదట! నేను మాత్ర మా మూడు రాత్రులు మఱవలేదు.

మా మామగారు వయసునందు పొట్టితరంగముల రేడియోను చెవికి హత్తుకొని దేశదేశముల స్టేషనులు వినినవారు. ఆ సంగతి విని ఆయన, "వినుటకే గాదు, పలుకుటకును మార్గ మున్నదమ్మా" అనిరి. మావారు మొదట పరీక్ష నిచ్చిరి. తరువాత నేను, పిదప తమ్ముడు. మా అబ్బాయికి పండ్రెండేండ్లు నిండుటకై రెండు సంవత్సరములు కాచుకొంటిమి. అంతకు తక్కువ వయసువారిని పరీక్షకు రానీయలేదు. నా యనుమతిపత్రము ఒకానొక కార్యాలయమున పదునాలుగు మాసములు నిద్రించినది. ఉత్తరములు వ్రాసి వ్రాసి నా దస్తూరి బాగుపడినదని మావారు పరిహసించుచుందురు.

పై తరగతి పరీక్షకు మోర్సు వ్రాత రావలెను. నిమిషమునకు ఎనిమిది పదములు పంపవలెను, వినవలెను. కళాశాల చదువు లేని నాకు ఇదెట్లబ్బునని బెదరితిని. చిన్ననాడు తాతగారు వసారాలో కూర్చుండబెట్టి అమరమును, భారతమును, ఛందస్సును చెప్పిరి. నా చదువంతయు నదియే. ఒకనాటి రాత్రి కాగితముమీద చుక్కలు గీతలు చూచుచుండగా నాకు నవ్వు వచ్చినది. చుక్క లఘువు, గీత గురువు! మూడు చుక్కల ఎస్ మన నగణము. మూడు గీతల ఓ మగణము. గీత, రెండు చుక్కలు గల డి భగణము, ఆర్ జగణము, యు సగణము, డబ్ల్యూ యగణము, కె రగణము, జి తగణము. ఎనిమిది గణములకు ఎనిమిదక్షరములు, ఒక్కటియు మిగులలేదు, ఒక్కటియు చాలకపోలేదు. ఆపదలో నావికులు పంపు ఎస్.ఓ.ఎస్. నగణ మగణ నగణములే గదా! భేద మొక్కటే: మన గురువు రెండు మాత్రలు, వారి గురువు మూడు. మావారు పట్టికను బట్టీపట్టి నెలదినములలో నేర్చినదానిని నేను వంటచేయుచు వారము దినములలో నేర్చితిని. ఈ మాట వారు ఒప్పుకొనరు.

ఇక నొక సంగతి నన్ను నొప్పించినది. ఈ విద్యవారి పరిభాషలో స్త్రీని వై.ఎల్. అందురు, పడుచుపిల్ల యని. భార్యను ఎక్స్.వై.ఎల్. అందురు, అనగా మాజీ పడుచుపిల్ల! పెండ్లియైనంతనే మాజీ యగుట యేమి న్యాయము? ఈ గుంపులో స్త్రీల చరిత్ర మాజీది కాదు. 1942లో బొంబాయిలో రహస్య కాంగ్రెసు రేడియోను నడిపినవారిలో ముఖ్యురాలు ఉషా మెహతా యను విద్యార్థిని. 2004 డిసెంబరులో, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ పక్షమున, శ్రీమతి భారతీ ప్రసాద్ అండమానులోని పోర్టుబ్లేరునకు పోయి రేడియో నెలకొల్పిరి. దేశదేశములవారితో సరదాగా పలుకుటకై పోయిన యామె, 26వ తేదీన సముద్రము పొంగి తంతులు తెగినప్పుడు, క్షేమసమాచారములకై తపించువారికి ఆధారమైరి. ఆ కథ చదివిన నాడు నాకు పెదవాల్తేరు కిటికీ తలుపే కన్నుల గట్టినది.

కావున మా కుటుంబమునకు గురి యొక్కటి: ఫోనులు లేకున్నను అనకాపల్లి నుండి పెదవాల్తేరునకు నేరుగా మాట చేరవలెను. చేతిలో పట్టు చిన్న యంత్రముతో మేడమీదనుండి ఎన్నియో మారులు పిలిచితిమి. దాని తరంగము చూపువలె తిన్నగా పోవునుగాని కొండను దాటలేదు. నడుమ కొండ లున్నవి. ఎత్తునకు పోయి చూతమని గత మార్గశిరమున నొక యాదివారము తెల్లవారకమున్నే పులిహోర కట్టుకొని బొజ్జన్నకొండకు పోయితిమి.

ఆ చోటు చూడని సోదరీమణులు తప్పక చూడవలెను. శంకరము గ్రామము చెంత రెండు గుట్టలు. సంఘారామమే శంకరమైనదనియు, బుద్ధన్నయే బొజ్జన్న యైనాడనియు పెద్దలందురు. తూర్పుగుట్టమీద రాతిని తొలిచిన గుహలు, ద్వారపాలకులు, ఇటుకల స్తూపము. పడమటి లింగాలకొండమీద రాతినే చెక్కిన స్తూపములు వరుసలు వరుసలుగా నున్నవి. వానిని లింగము లనుకొని జను లా పేరు పెట్టిరి. గుహలోని బుద్ధుడు కన్నులు మూసికొని యున్నాడు. సందేశము చేరవేయుటకై దేశదేశములు తిరిగిన భిక్షువు లీ మెట్లెక్కినారుగదా యని నేను నిలిచిపోగా, అబ్బాయి "అమ్మా, ప్రొద్దెక్కుచున్నది" అని కొంగు లాగినాడు.

రక్షితస్థలమున యంత్రము విప్పుట మర్యాద కాదని వెలుపలికి వచ్చి, చెంతనున్న మిట్టమీద నిలిచి పిలిచితిమి. తమ్ముని గొంతు వినబడినది! కాని ముక్కలు ముక్కలుగా. "అక్కా" అనుట తెలిసినది, తరువాతిది గాలివానవలె హోరు. అబ్బాయి మొగము చిన్నబోయినది. తుపానునాడు ఈ మిట్టమీదికి ఎవ్వరు రాగలరు? అని మావా రనిరి. ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు. పులిహోర తిని, ఎండ ముదురకముందే యిల్లు చేరితిమి.

అపుడు మామగారు మంచముమీదనుండియే యొక యుక్తి చెప్పిరి. మేడమీది పెద్దతీగ 7 మెగాహెర్ట్‌జుల తరంగమునకు కట్టినది. ఇరువది మీటర్లు పొడవు. దానితో లంకవారితో పలికితిమి, వంగదేశమువారితో పలికితిమి, పెదవాల్తేరు మాత్రము పలుకలేదు. ఏలయనగా ఎత్తున కట్టిన తీగ తరంగమును ఏటవాలుగా విసరును. అది ఆకాశమందలి అయనమండలమును తాకి దూరమున దిగును. చూరునీరు గోడమొదట పడక ఎడముగా పడునట్లు దగ్గఱియూరు పొడిగా మిగులును. "తీగను దింపుడు, మనిషెత్తునకు కొంచెము పైన కట్టుడు. నిట్టనిలువుగా పైకిపోయి మన నెత్తిమీదనే దిగును. రాత్రి కాదు, ఎండపొద్దున చూడుడు, రాత్రులం దా పొర పలుచనై తరంగమును నిలుపలేదు" అనిరి. మేమెప్పుడును బడి ముగిసిన పిదప, రాత్రులే ప్రయత్నించియుంటిమి!

పెరటిలో కొబ్బరిచెట్టునుండి బావి గిలకస్తంభమునకు తీగ కట్టితిమి. నా బట్టల దండెము విప్పవలసి వచ్చినది. పండ్రెండు దాటి ఇరువది నిమిషములకు మావారు నాచేతికే మైకు నిచ్చిరి. పిలిచితిని. ఎదుటి వీథిలోని మోటారు గరగర, దానివెనుక, ఎవరో ప్రక్కగదినుండి పలికినట్లు, తమ్ముని గొంతు, ప్రతి యక్షరము తేటగా: "అక్కా, బాగుగా వినబడుచున్నది. అమ్మ ప్రక్కనే కూర్చున్నది."

అమ్మకు అనుమతి లేదు గనుక ఆమె పలుకరాదు. వినవచ్చును. ఏమి చెప్పవలెనో నాకు తోచలేదు. పది సంవత్సరములుగా కూడబెట్టిన మాట లేమైనవో! "అమ్మా, కిటికీ తలుపు గట్టిగా నున్నదా?" అంటిని. ఆవల క్షణము నిశ్శబ్దము. పిదప తమ్ముడు నవ్వుచు, "తల యూపుచున్నది" అన్నాడు. అబ్బాయి లాగుపుస్తకమున వేళయు, పిలుపుపేళ్లును వ్రాసినాడు. విజయమునకు కారణము తీగను దింపుటయా, మధ్యాహ్నపు వేళయా యని తండ్రియు కొడుకును నేటికిని వాదించుకొనుచునే యున్నారు.

సాయంకాలము అమ్మయే ఫోను చేసినది. "నీ గొంతు గానుగలో పడినట్లున్నదేమే? జలుబు చేసినదా? మిరియాల కషాయము కాచుకొని త్రాగు" అన్నది.