ఎం-వన్‌కి ముందు ఆమోఖ్తా

ఫస్టియర్ మొదటి మిడ్ పరీక్షలు అయిపోగానే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. "ఆపా, మా పిల్లకి ఇంటర్‌లో మ్యాథ్స్ 75కి 72 వచ్చాయి. ఇప్పుడు ఎం-వన్‌లో పాస్ మార్కులు కూడా రాలేదంట. కాలేజీలో చెప్పడం లేదా? పిల్లే చదవడం లేదా?" పరేషాన్ అయిపోయి అడుగుతారు పాపం. ఇంజినీరింగ్ కాలేజీలో ఏళ్ల తరబడి ఈ పేపరే చెబుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

క్లాసు మొదలైన రోజు నేను పిల్లలకి పది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తాను. అందులో కాల్‌క్యులస్ ఒక్కటీ ఉండదు. భిన్నాలు కూడటం, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే విప్పటం, సరళరేఖ వాలు చెప్పటం, అంతే. ఒక ప్రశ్న మాత్రం ప్రతి ఏడాదీ ఉంటుంది: x² + 9 కి వర్గమూలం ఎంత? చాలామంది ఠక్కున x + 3 అని రాసేస్తారు. "x దగ్గర 4 పెట్టి చూడు బేటా" అంటాను. 16, 9 కలిపితే 25, మూలం 5. వాళ్లు రాసిన జవాబు ప్రకారం 7. అప్పుడు నా మొహం వైపు చూస్తారు. ఇదే పిల్లలు ఇంటిగ్రేషన్ ఫార్ములాలు గడగడా అప్పజెబుతారు. ఫార్ములా దగ్గర తప్పు చేయరు, దాని తర్వాతి లైన్లో చేస్తారు.

పిల్లల్లో దిమాగ్ లేక కాదు. ఎంసెట్ పేరు ఎప్‌సెట్ అయినా ఆట అదే. 160 ప్రశ్నలు, 3 గంటలు, అందులో 80 మ్యాథ్స్, తప్పు రాస్తే మార్కులు పోవు. నాలుగు ఆప్షన్లు కళ్ల ముందే ఉంటే, x కి ఏదో ఒక విలువ పెట్టి సరిపోయే ఆప్షన్ పట్టుకోవటం కూడా ఒక హునరే. నేను దాన్ని తప్పు పట్టను, సీటు తెచ్చిపెట్టింది అదే కదా. కానీ ఎం-వన్ పేపర్‌లో ఆప్షన్లుండవు. లాగ్రాంజ్ మీన్ వాల్యూ థీరమ్ రాసి, ఈ ఫంక్షన్‌కి సరిచూడు అంటారు. ఖాళీ పేజీ, చేతిలో పెన్ను.

ఆ థీరమ్ నేను బస్సుతో చెబుతాను. కర్నూలు నుంచి హైదరాబాదుకి 210 కిలోమీటర్లు అనుకోండి, మూడున్నర గంటల్లో వచ్చాం. ఔసత్ రఫ్తార్ గంటకి 60. దారిలో టోల్ గేటు దగ్గర ఆగాం, హైవే మీద 80లో పోయాం. అయినా ఎక్కడో ఒక క్షణంలో మీటర్ ముల్లు సరిగ్గా 60 మీద ఉండే తీరాలి. అంతే థీరమ్. క్లాసులో వెనక బెంచీ నుంచి "ఇంతేనా మేడమ్?" అంటారు. ఆ మాట వినటానికే నేను జీతం తీసుకుంటున్నానేమో అనిపిస్తుంది. ఆ వెంటనే లెక్క చేయమంటే మళ్లీ మైనస్ గుర్తు దగ్గరే ఆగిపోతారు, అది వేరే సంగతి.

కాల్‌క్యులస్ అనే మాటకి లాటిన్‌లో అర్థం చిన్న గులకరాయి. ఉర్దూలో ఈ శాస్త్రాన్ని ఇహ్సా అంటారు. అరబీ లుగత్ రాసినవాళ్లు ఆ మాటనీ గులకరాయి అనే అర్థమున్న 'హసా' దగ్గరికే తీసుకెళ్తారు. పూర్వం రాళ్లు పెట్టి లెక్కపెట్టేవారు కదా. అల్లాహ్ నామాల్లో అల్ ముహ్సీ కూడా ఆ మూలం నుంచే. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ అల్ హైసమ్ నాలుగో ఘాతాల మొత్తాలు కట్టి, పారాబోలా తిప్పితే వచ్చే ఘనాకారానికి ఘనపరిమాణం కనుక్కున్నాడు. ఈ సంగతి చెబితే మన పిల్లల వీపులు నిటారుగా అవుతాయి. మార్కులు మాత్రం పెరగవు.

మార్కులకి దారి హిఫ్జ్ చేసే పిల్లల దగ్గర ఉంది. హాఫిజ్ సాబ్ కొత్త సబఖ్ ఇచ్చే ముందు పాతది వింటారు. ఆమోఖ్తా కచ్చాగా ఉంటే కొత్త సబఖ్ ఆగిపోతుంది. "సిలబస్ అయిపోవాలి" అని ఆయన ఎప్పుడూ అనరు. మన కాలేజీల్లో ఆ వెసులుబాటు లేదు. అందుకే ఆమోఖ్తా ఇంట్లో జరగాలి. ఎంట్రెన్స్ రాశాక క్లాసులు మొదలయ్యేలోగా వారాలకి వారాలు ఖాళీ. అప్పుడు కొత్త కోచింగ్‌లో డబ్బు పోయకండి. రోజుకి ఒక గంట, టెన్త్ పుస్తకం, ఇంటర్ వన్-బీ, టూ-బీ. ఆప్షన్లు చూడకుండా, ప్రతి మెట్టూ రాస్తూ.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్లల్లో ఒక బ్యాక్‌లాగ్ అంటే ఒక సబ్జెక్ట్ కాదు. మగపిల్లాడైతే "చచ్చా దుకాణంలో కూర్చోరా" అంటారు. ఆడపిల్ల అయితే ఎం-వన్ పోయిన వారానికే ఖాలా ఒక రిష్తా తెస్తుంది. పిల్ల తల వంచుకుని వింటుంది, తను నిజంగానే చదువుకి పనికిరాదేమో అనుకుంటుంది. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అలాగే సెకండియర్ మధ్యలో వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి రానిది కాల్‌క్యులస్ కాదు, భిన్నాలు. రెండు నెలల పని.

ఈ నెల నుంచి ఆదివారాలు జొహర్ తర్వాత మా హాల్లో ఏడుగురు పిల్లలు కూర్చుంటున్నారు. ఒకమ్మాయి వాళ్ల అమ్మీ కూడా వచ్చి గోడ పక్కన కూర్చుని తస్బీహ్ తిప్పుతూ వింటుంది. లిమిట్స్ ఇంకా ముట్టుకోలేదు. మొన్న మూడు గంటలూ బ్రాకెట్లతోనే అయిపోయాయి.